పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక మీరు పనిలోకి దిగడం ఎలా: గంటల లెక్క, పని ఎంపిక, సాయంత్రాలు కాపాడుకోవడం

జూన్ వచ్చిందంటే తల్లులు అడిగే ప్రశ్న ఒకటే. "పాప ఒకటో తరగతికొచ్చింది, పగలంతా ఖాళీయే కదా, ఏ పని మొదలుపెడితే బాగుంటుంది?" ఏ పని అన్నది తర్వాత చూడొచ్చు. ఆ ఖాళీ నిజంగా ఎంత ఉందో ముందు తేల్చుకోవాలి. మధ్యలో పని వదిలేసిన చాలామందికి పని చేతకాక కాదు, ఉన్న గంటలకు మించిన పని నెత్తికెత్తుకోవడం వల్లే అలా జరిగింది. అందుకే ఈ క్రమం గంటలతో మొదలవుతుంది, డబ్బు తర్వాత వస్తుంది.

మీ బిడ్డ ఇంకా ఎల్‌కేజీ, యూకేజీలోనే ఉంటే ఒక మాట. చాలా బడుల్లో ఆ పిల్లలు ఒంటిగంట లోపే ఇంటికొచ్చేస్తారు. మీకు మిగిలేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. ఆ ఏడాది నేర్చుకోవడానికి వాడుకోండి. కుట్టు, కంప్యూటర్, ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), టెట్ (టీచర్ అర్హత పరీక్ష) చదువు, ఏదైనా సరే. ఆర్డర్లు తీసుకోవడం మాత్రం ఒకటో తరగతి దాకా ఆపండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- బడివాళ్లు ఇచ్చే ఏడాది క్యాలెండర్. ఇవ్వకపోతే ఆఫీసులో అడిగి తెచ్చుకోండి.
- ఒక రూళ్ల నోట్‌బుక్కు. ఫోన్లో రాసుకుంటే మూడో రోజుకే మరిచిపోతారు.
- మీ పేరు మీద విడి బ్యాంకు ఖాతా, దానికి యూపీఐ, ఆధార్, పాన్.
- అత్యవసరంలో పిల్లల్ని చూసే ఇద్దరు మనుషులు. అత్తగారో అమ్మో ఒకరు, ఎదురింటివాళ్లో పక్కింటివాళ్లో ఇంకొకరు. ఒక్కరే ఉంటే, వాళ్లు ఊరెళ్లిన రోజునే బిడ్డకు జ్వరం వస్తుంది.
- పోయినా ఇల్లు ఇబ్బంది పడనంత పెట్టుబడి. మొదటి మూడు నెలలకు 5,000 నుంచి 10,000 రూపాయలు మించనివ్వకండి.

1. వారం రోజులు గంటలు రాయండి

సోమవారం నుంచి శనివారం దాకా, బడి ఆటో వెళ్లినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా ఏ పనికి ఎంతసేపు పట్టిందో అరగంటకోసారి రాయండి. ఆటో 8:15కి వెళ్లి 4:15కి వస్తుందనుకుందాం. చూడ్డానికి 8 గంటలు. అందులోంచి తీసేయాల్సినవి ఇవి: గిన్నెలు, బట్టలు, ఇల్లు ఊడ్చి తుడవడం గంటన్నర. మీ స్నానం, భోజనం గంట. కూరగాయలు, గ్యాస్, బ్యాంకు, కరెంటు బిల్లు లాంటివి రోజుకు సగటున ముప్పావు గంట. పిల్లలకు సాయంత్రం తినడానికి చేసిపెట్టడం అరగంట. మీరు నడుం వాల్చేది అరగంట. మొత్తం నాలుగుంబావు గంటలు పోయాయి. ఎవరో వచ్చారనో, నీళ్లు ఆలస్యంగా వదిలారనో ఇంకో పావుగంట తీసేయండి. మిగిలింది మూడున్నర గంటలు.

విశ్రాంతిని, భోజనాన్ని ఈ లెక్కలోంచి కొట్టేయకండి. మధ్యాహ్నం నిలబడే రెండు ముద్దలు తిని పని చేసిన తల్లికి సాయంత్రం ఆరింటికి పిల్లల మీద విసుగు వస్తుంది. ఆ విసుగు మూలం మధ్యాహ్నం తినని అన్నంలో ఉంటుంది.

2. బడి లేని రోజులు తీసేయండి

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 6 నుంచి 8 తరగతులకు 220 ఉండాలి. మీ బడి అంతకంటే కొన్ని రోజులు ఎక్కువ నడిచినా, పిల్లలు ఏడాదిలో నాలుగైదు నెలలు ఇంట్లోనే ఉంటారన్నమాట.

క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి: ఆదివారాలు, రెండో శనివారాలు, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, మిషనరీ బడి అయితే క్రిస్మస్ సెలవులు, ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు. ఒంటిపూట బడులకు విడిగా నీలం రంగు వాడండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మామూలుగా మార్చి మధ్య నుంచి బడి పొద్దున్నే మొదలై మధ్యాహ్నం 12:30 ప్రాంతంలో అయిపోతుంది. అప్పుడు మీ మూడున్నర గంటలు ఒకటిన్నరకు పడిపోతాయి.

ఇప్పుడు గుణించండి. బడి 210 రోజులనుకుంటే, రోజుకు మూడున్నర చొప్పున ఏడాదికి 735 గంటలు, నెలకు సగటున 61. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదిలో 288 రోజులు నడిచే ఉద్యోగానికి 2,304 గంటలు కావాలి. మీ చేతిలో ఉన్నది అందులో మూడో వంతు కంటే తక్కువ. పూర్తికాలపు ఉద్యోగమే కావాలంటే మిగతా రెండు వంతులు ఎవరి చేతుల మీదుగా వస్తాయో ముందే తేలాలి.

3. ఇంటి పని పంచుకున్నాకే పని ఒప్పుకోండి

ఇంట్లో పెద్దవాళ్లందరూ ఉన్నప్పుడు, పిల్లలు పడుకున్నాక, ఒక గంట కూర్చోండి. "కాస్త సాయం చేయండి" అని అడిగితే పని జరగదు. పని పేరు, మనిషి పేరు, వేళ, మూడూ కాగితం మీద ఉండాలి. పొద్దున బాక్సులు కట్టేది ఎవరు, ఆటో దగ్గరికి దింపేది ఎవరు, రాత్రి గిన్నెలు ఎవరు, పాలు పెరుగు తెచ్చేది ఎవరు అని రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

రెండు ప్రశ్నలకు జవాబు తప్పనిసరిగా రాసుకోండి. బిడ్డకు జ్వరం వస్తే మొదటిరోజు ఎవరు ఆగుతారు, రెండోరోజు ఎవరు? నాలుగున్నరకు మీరు ఇంట్లో లేకపోతే తలుపు తీసేది ఎవరు? పిల్లల్ని తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నవాళ్ల పేర్లలో, అత్యవసరానికి మీరు అనుకున్న ఆ ఇద్దరివీ బడిలో రాయించండి. ఆటో డ్రైవరు నంబరు మీ ఫోన్లోనే కాకుండా మీవారి ఫోన్లోనూ, అత్తగారి ఫోన్లోనూ ఉండాలి.

పెద్దవాళ్లకు అభ్యంతరం ఉంటే "మూడు నెలలు చూద్దాం అత్తయ్యా, కుదరకపోతే మానేస్తాను" అని గడువు చెప్పండి. గడువు ఉన్న పనికి ఒప్పుకోవడం వాళ్లకు తేలిక. మీక్కూడా మంచిదే.

4. గంటలకు సరిపడే పని ఎంచుకోండి

పని మంచిదా కాదా అన్నదానికంటే, ఆ పని రద్దీ వేళ మీ పిల్లలు ఇంట్లో ఉండే వేళతో ఢీకొంటుందా అన్నది ముఖ్యం.

*ట్యూషన్లు.* అందరికీ మొదట తట్టేది ఇదే. పెట్టుబడి లేదు, బోర్డూ చాపా చాలు. కానీ ట్యూషన్ వేళ సాయంత్రం 5 నుంచి 7. మీ బిడ్డ అలసిపోయి వచ్చి మీ కోసం చూసే వేళ కూడా అదే. పగటి మూడున్నర గంటలు ఖాళీగా పోయి, సాయంత్రం రెండు గంటలు అమ్ముడవుతాయి. తప్పదనుకుంటే వారానికి నాలుగు రోజులే పెట్టండి, ఆరుగురికి మించి పిల్లల్ని తీసుకోకండి, మీ బిడ్డను ఆ గుంపులో కూర్చోబెట్టకండి. అందరి ముందూ అమ్మ చేత తిట్లు తిన్న పిల్లకు చదువు మీద కంటే అమ్మ మీద కోపం పెరుగుతుంది. పగటిపూట గృహిణులకు ఇంగ్లీషు మాట్లాడటమో, కంప్యూటరో నేర్పితే ఈ చిక్కే ఉండదు.

*పచ్చళ్లు, పొడులు.* ఆవకాయ, మాగాయ సీజను ఏప్రిల్ నుంచి జూన్. సరిగ్గా వేసవి సెలవులు. చంటిపిల్లలు కారం, కత్తిపీటల మధ్య తిరుగుతుంటే 20 కిలోల కాయ కొట్టించి కలపడం ఒక్క మనిషి వల్ల కాదు. పుట్టింటివాళ్లో తోడికోడలో తోడుంటేనే దిగండి. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, సాంబారు పొడి అలా కాదు. ఏడాది పొడుగునా నడుస్తాయి, ఒక వాయి రెండు మూడు గంటల్లో అయిపోతుంది.

పొడులు పాడవడానికి కారణాలు మూడే. వేయించిన పప్పు పూర్తిగా చల్లారకముందే మిక్సీ పట్టడం లేదా మూత పెట్టడం వల్ల చెమ్మ చేరి బూజు వస్తుంది. పెద్ద మంట మీద వేయిస్తే పైన రంగు మారి లోపల పచ్చిగా ఉంటుంది, పదిరోజులకే వాసన మారుతుంది. ఉప్పు ఆరబెట్టకుండా వేస్తే ముద్దకడుతుంది. ప్రతి వాయి నుంచీ 50 గ్రాములు విడిగా తీసి, తేదీ రాసి మీ అల్మరాలో ఉంచండి. నెల తర్వాత రుచి చూడండి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే తప్పు మీ దగ్గరుందో, వాళ్ల తడి చెంచాలో ఉందో తెలుస్తుంది.

*కుట్టుపని.* బడి వేళలకు బాగా సరిపోయే పని. ఫాల్ కుట్టడం, పీకోతో మొదలుపెట్టండి. ఒక చీర గంటలోపే అయిపోతుంది, గుడ్డ పాడయ్యే భయమూ తక్కువ. లైనింగ్ జాకెట్టుకు చేయి తిరిగినవారికి రెండు గంటలు పడితే కొత్తవారికి నాలుగు దాకా పడుతుంది. అంటే మొదట్లో రోజుకు ఒక్కటి కూడా పూర్తికాదు, అలాగే ఒప్పుకోండి. ఆది జాకెట్టు లేకుండా కొలతల మీద మాత్రమే కత్తెర పెట్టకండి. కాటన్ లైనింగు గుడ్డను ముందు నీళ్లలో తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేశాకే కోయాలి. లేకపోతే మొదటి ఉతుక్కే లోపలి గుడ్డ కుంచించుకుపోయి జాకెట్టు ముడతలు పడుతుంది. శ్రావణమాసం, దసరా, పెళ్లి ముహూర్తాల ముందు ఆర్డర్లు ఒక్కసారిగా మీద పడతాయి. మీ వారం గంటల్లో ఎన్ని పడతాయో అన్నే తీసుకుని, పుస్తకంలో "ఈ వారం అయిపోయింది" అని గీత గీయండి. ఇచ్చే తేదీ చెప్పేటప్పుడు మీరనుకున్నదానికి రెండు రోజులు కలిపి చెప్పండి.

*బడిలోనే ఉద్యోగం.* పిల్లల సెలవులే మీ సెలవులు కాబట్టి వేళల విషయంలో దీన్ని మించింది లేదు. జీతం తక్కువే ఉండొచ్చు. ఫీజు రాయితీ ఇస్తామంటే నోటిమాట మీద ఆగకుండా కాగితం మీద రాయించుకోండి. టీచర్‌గా స్థిరపడాలంటే 1 నుంచి 8 తరగతులకు టెట్ అవసరం. పెళ్లికి ముందు, 2011 తర్వాత ఎప్పుడో రాసి పాసైన టెట్ ఉంటే బయటికి తీయండి. దాని చెల్లుబాటును ఏడేళ్ల నుంచి జీవితకాలానికి మార్చారు, ఆ మార్పు 2021లో వచ్చింది.

*పాత ఉద్యోగానికి తిరిగి వెళ్లడం.* దరఖాస్తులో విరామాన్ని దాచే ప్రయత్నం చేయకండి. "పిల్లల పెంపకం కోసం విరామం" అని ఏళ్లతో సహా ఒక్క వాక్యం చాలు. దాని కిందే గత ఆరు నెలల్లో కొత్తగా నేర్చుకున్నది రాయండి. పాత పీఎఫ్ యూఏఎన్ నంబరు (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ గుర్తింపు సంఖ్య) అలాగే ఉంటుంది, కొత్త సంస్థలో అదే ఇవ్వండి.

5. డబ్బు పరీక్ష పెట్టండి

ఉద్యోగమైతే జీతంలోంచి, ఆ ఉద్యోగం వల్లే వచ్చే ఖర్చులన్నీ తీసేయండి. జీతం 15,000 అనుకుందాం. రానుపోను 2,000, బడి తర్వాత పిల్లల్ని చూసే చోట 4,000, పనిమనిషికి 2,500, వండలేని రోజుల బయటి తిండి 1,500. మిగిలింది 5,000. ఇంత తక్కువేనా అని వెంటనే వద్దనుకోకండి. అనుభవం పెరిగితే జీతం పెరుగుతుంది, పిల్లలు పెద్దయ్యేకొద్దీ చూసుకునే ఖర్చు తగ్గుతుంది. రెండేళ్లలో జీతం పెరిగే దారి లేని చోట మాత్రం 5,000 కోసం సాయంత్రాలు వదులుకోవద్దు.

ఇంటి పనైతే గంటకు ఎంత మిగిలిందో చూడండి. ఉదాహరణకు కిలో కందిపొడి 400 రూపాయలకు అమ్మారు. సరుకు 220, గ్యాసు కరెంటు 25, కవరు లేబులు 30. మిగిలింది 125. రెండు గంటలు పట్టింది కాబట్టి గంటకు 62 రూపాయల 50 పైసలు. అదే వాయిలో రెండు కిలోలు చేస్తే మిగిలేది 250, పట్టే సమయం రెండుముప్పావు గంటలు, గంటకు దాదాపు 90. కిలో, అరకిలో ఆర్డర్లకు ఎప్పటికప్పుడు చేయకుండా, వారానికి రెండు రోజులు పెట్టుకుని అన్నీ కలిపి చేయమనేది ఇందుకే. మీ ఊళ్లో సరుకు ధరలు వేసి ఈ లెక్క మీరే కట్టుకోండి.

చుట్టాలకు, అపార్ట్‌మెంటువాళ్లకు అసలు ధరకే ఇచ్చేయడం మొదటి నెల్లో అందరూ చేసే పొరపాటు. ఆ ధరే ఊరంతా తెలుస్తుంది, తర్వాత పెంచలేరు. మొదటిసారి 100 గ్రాములు ఉచితంగా రుచి చూపించండి, ధర మాత్రం తగ్గించకండి.

6. కాగితాలు, మోసాలు

తిండి పదార్థం ఏది అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంటి దగ్గర చిన్నగా చేసేవాళ్లకు ఆ సంస్థ ఫాస్కాస్ (FoSCoS) పోర్టల్‌లో బేసిక్ రిజిస్ట్రేషన్ ఉంది. వచ్చిన 14 అంకెల నంబరు లేబులు మీద వేయాలి. దాంతోపాటు పదార్థం పేరు, వేసిన దినుసులు, బరువు, తయారీ తేదీ, ఎన్నాళ్లు వాడొచ్చో, ధర, మీ చిరునామా, శాకాహారపు ఆకుపచ్చ గుర్తు కూడా ఉండాలి. చిన్న వ్యాపారాల ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. డబ్బడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు.

అప్పు కావాలంటే చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర ముద్రా పథకం శిశు విభాగంలో 50,000 దాకా పూచీకత్తు లేకుండా బ్యాంకులు ఇస్తాయి. డ్వాక్రా సంఘంలో సభ్యులైతే సంఘం ద్వారా అడగండి. మూడు నెలల ఆర్డర్లు పుస్తకంలో కనబడేదాకా మాత్రం ఏ అప్పూ వద్దు.

"ఇంట్లో కూర్చుని పెన్సిళ్లు ప్యాక్ చేయండి", "డేటా ఎంట్రీ, రోజుకు 2,000", "టెలిగ్రామ్‌లో రేటింగ్ ఇస్తే డబ్బులు" లాంటివి వస్తూనే ఉంటాయి. గుర్తుపట్టే పద్ధతి ఒక్కటే: పని ఇచ్చేవాడు మీకు డబ్బివ్వాలి, మీ దగ్గర తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఫీజన్నా, డిపాజిట్టన్నా అక్కడితో ఆపండి. మొదట 200, 300 నిజంగానే వేసి నమ్మకం పుట్టించి, తర్వాత వేలు లాగుతారు. డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

7. మొదటి నెల సగం పనే

మీ లెక్కలో వారానికి 20 గంటలు వచ్చాయనుకోండి. మొదటి నెల 10 గంటల పనే ఒప్పుకోండి. ప్రతి పనికీ మీరనుకున్న సమయం, నిజంగా పట్టిన సమయం పక్కపక్కన రాయండి. మొదట్లో ఒకటిన్నర రెట్లు పడుతుంది. ఆ తేడా తెలిశాకే రెండో నెల ఆర్డర్లు పెంచండి.

కష్టమైన పని పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండు లోపే పెట్టుకోండి. కత్తిరింపు, వేయించడం, లెక్కలు ఆ వేళకే. ప్యాకింగు, ఫోన్లు, గుండీలు కాజాలు మధ్యాహ్నానికి. ఇల్లు మొత్తం సర్దాకే పని మొదలుపెడదామనుకుంటే మధ్యాహ్నం పన్నెండవుతుంది. గిన్నెలు గంట ఆగగలవు.

8. సాయంత్రానికి కంచె వేయండి

పిల్లలు రావడానికి అరగంట ముందే మిషన్ మీద గుడ్డ కప్పండి, వాట్సాప్ బిజినెస్‌లో "రేపు 9:30కి జవాబిస్తాను" అని ఆటోమేటిక్ మెసేజ్ పెట్టండి. ఇది పెట్టకపోతే ఆర్డర్ల ఫోన్లు రాత్రి తొమ్మిది దాకా వస్తాయి, మీరు ఇంట్లో ఉండీ పిల్లలకు దొరకరు.

వాళ్లు లోపలికొచ్చాక మొదటి ఇరవై నిమిషాలు ఫోన్ పక్క గదిలో ఉండాలి. ఏదైనా తినిపించండి, పక్కన కూర్చోండి. "ఈరోజు ఏం చెప్పారు, ఎన్ని మార్కులు" అని మొదలుపెడితే "ఏమో" అంటారు. "ఎవరితో ఆడావు, బాక్సులో ఏం మిగిల్చావు" అంటే వాళ్లే చెప్పుకొస్తారు. హోంవర్కు ఆ తర్వాత. ఇద్దరు పిల్లలుంటే వారానికొకసారైనా ఒక్కొక్కరితో విడిగా అరగంట గడపండి. చిన్నవాడిని నాన్న బండి మీద తిప్పుకొచ్చేలోపు పెద్దదానితో మాట్లాడొచ్చు.

రాత్రి భోజనం అందరూ కలిసి, టీవీ ఆపి. నాన్న పని నుంచి ఆలస్యంగా వస్తే పిల్లల్ని పస్తుంచకండి. పొద్దున టిఫిన్‌నే కలిసి తినే పూటగా మార్చుకోండి.

నెలకోసారి సరిచూసుకోండి

నెలాఖరు ఆదివారం నోట్‌బుక్కు తెరిచి ఇవి చూడండి:

- గంటకు ఎంత మిగిలింది? గత నెలకంటే పెరిగిందా?
- చెప్పిన తేదీకి ఇవ్వలేని ఆర్డర్లెన్ని? పదింటిలో రెండు దాటితే పని ఎక్కువైంది, తగ్గించండి.
- బడి డైరీలో సంతకం పెట్టకుండా వదిలేసిన రోజులెన్ని? వారానికి రెండు దాటాయంటే పని సాయంత్రంలోకి జరిగింది.
- బాక్సులో అన్నం మిగిలి వస్తోందా, పొద్దున కడుపునొప్పి అంటూ బడి మానేస్తున్నారా? ఇవి కొత్తగా మొదలైతే ముందు టీచర్‌తో మాట్లాడండి. కారణం మీ పని కాకపోవచ్చు, బడిలోనే ఏదో జరుగుతుండొచ్చు.
- ఫ్రిజ్ మీద కాగితంలో ఎవరి పని మళ్లీ మీ మీదకే వచ్చింది? అదే రోజు మాట్లాడి పేరు మళ్లీ రాయండి. ఊరుకుంటే ఆ కాగితం నెలలోనే ఉత్తదైపోతుంది.
- మీరు మధ్యాహ్నం కూర్చుని తిన్న రోజులెన్ని?

ఫిబ్రవరి చివర్లో నీలం గుర్తుల వారాలు మళ్లీ చూసుకోండి. ఒంటిపూట బడులు మొదలయ్యేలోపు పెద్ద ఆర్డర్లు ముగించి, మార్చి నుంచి సగమే తీసుకుంటామని పాత ఖాతాదారులకు ముందే చెప్పండి. వేసవిలో పూర్తిగా ఆపేస్తున్నట్టయితే మే నెలలోనే "జూన్ మూడో వారం నుంచి మళ్లీ తీసుకుంటాం" అని మెసేజ్ పంపండి. బడి తెరిచిన మొదటి వారం పుస్తకాల అట్టలు, యూనిఫాం, కొత్త ఆటో వేళలతోనే సరిపోతుంది కాబట్టి ఆ వారం ఏ ఆర్డరూ పెట్టుకోకండి.